ఇనుప ముసుగులూ సద్దిమూటలూ

మణిమేఖల రాజ్యం నడుమున నీలవాహిని నది వెండి వడ్డాణంలా మెరుస్తూ పారుతుంది. పడమటి గట్టున ఎర్రరాతి కొండల మీద శోణగిరి కోట. దాని బురుజుల మీద డేగ గుర్తు జెండాలు. తూర్పు గట్టున కనుచూపు మేర వరిచేలు, తామర కొలనులు, వాటి నడుమ కలువసీమ నగరపు తెల్లని మేడలు, వాటి మీద హంస గుర్తు జెండాలు. ముసలి మహారాజు వారసుడెవరో చెప్పకుండా కన్నుమూసిన నాటినుంచి పెద్దకొడుకు కొండలను, చిన్నకొడుకు పల్లాన్ని పట్టుకుని కూర్చున్నారు. ఆ అన్నదమ్ములు ఒక్కనాడు కూడా యుద్ధభూమికి వచ్చిన పాపాన పోలేదు. వచ్చేదల్లా సైనికులే. తెల్లవారగానే ఏటి మధ్య ఇసుకదిబ్బ మీద రెండు సేనలూ ఎదురుపడేవి.

ఎదురుపడేవి గాని, యుద్ధం మాత్రం ఒక పట్టాన మొదలయ్యేది కాదు.

మణిమేఖలలో ఒక ఆచారం ఉంది. కత్తి దూసేముందు ప్రతి సైనికుడూ ఎదుటివాడికి తన ఊరు, తల్లి పుట్టినిల్లు, భార్య పుట్టినిల్లు చెప్పాలి. ఎదుటివాడూ చెప్పాలి. చుట్టరికం తగిలిందా, ఇద్దరూ దండాలు పెట్టుకుని పక్కకు తప్పుకుని వేరొకణ్ణి వెతుక్కోవాలి. దీన్ని పలకరింపు అంటారు. కొండవాళ్లూ పల్లపువాళ్లూ తరతరాలుగా పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకున్నవాళ్లు. చుట్టరికం తగలనివాడు ఎక్కడ దొరుకుతాడు?

శోణగిరి సేనాపతి కంఠీరవుడు ఏనుగు మీద కూర్చుని రోజూ పళ్లు కొరుక్కునేవాడు.

"ఏమిరా అక్కడ? ఎత్తిన కత్తులు ఎత్తినట్టే నిలబడినారే!"

"దొరా, ఈయన మా చిన్నమ్మ తోడికోడలికి అన్న అంటాండాడు. అది చుట్టరికం కిందికి వస్తాదా రాదా అని చూస్తాండాము."

"నీ తలకాయ! నరకరా!"

"అట్లంటే ఎట్ల దొరా? వీళ్ల పిల్లను మావాడికి అడగాలని ఉండాము. ఇప్పుడు నరికితే సంబంధం చెడిపోదా?"

ఇలా ఒకరినొకరు వెతుక్కునేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. వంటశాల పెద్ద బుడ్డయ్య సద్ది శంఖం ఊదేవాడు. ఆ శంఖం వినబడగానే ఎవడెక్కడ ఉంటే అక్కడే చతికిలబడి, మొలకు కట్టుకున్న సద్దిమూట విప్పుకోవాలి. శంఖం తరువాత చెయ్యెత్తినవాడికి రెండు గట్లమీదా మంచినీళ్లు కూడా పుట్టవు. తిన్నాక ఎండ. ఎండలో నిద్ర. సాయంత్రానికి ఎవరి గుడారాలకు వాళ్లు.

"ఇది యుద్ధమా, పెళ్లిచూపులా?" అని కంఠీరవుడు తల బాదుకునేవాడు.

కాని అదే సేనలో, ఆ పలకరింపు కోసమే తెల్లవారుతుందా అని చూసే కాలిబంటు ఒకడున్నాడు. వాడి పేరు నాగమల్లు. వాడి భార్య చెంగలువ కలువసీమ పిల్ల. కాన్పుకు పుట్టింటికి వెళ్లడానికి ఆమె పడవెక్కింది. ఎక్కి, మళ్లీ దిగి, ఉట్టి మీద పెరుగుందని చెప్పి ఎక్కింది. మళ్లీ దిగబోయింది. "పడవ పోతాంది, కూర్చోవే!" అని నాగమల్లు కసిరాడు. ఆ తరువాత కొద్ది రోజులకే యుద్ధం వచ్చిపడింది, రేవులో పడవలన్నీ తగలబెట్టారు. కసిరిన ఆ మాటే వాళ్లిద్దరి మధ్య ఆఖరి మాటగా మిగిలిపోయింది.

కలువసీమ సేనలో చెంగలువ తమ్ముడు కోనయ్య ఉన్నాడు. బావామరుదులిద్దరూ రోజూ ఇసుకదిబ్బ మీద ఒకరినొకరు వెతుక్కుని ఎదురుగా నిలబడేవారు. పలకరింపు సాగినంతసేపూ సాగదీసేవారు. అక్క మజ్జిగ తాగిందనీ, కాళ్లకు నీరు పట్టిందనీ, తగ్గిందనీ కోనయ్య చెప్పేవాడు. ఉప్పు తినొద్దని చెప్పమని నాగమల్లు చెప్పేవాడు. నిన్న సాయంత్రం విడిపోతూ కోనయ్య అన్నాడు:

"నొప్పులు మొదలయ్యాయంటున్నారు బావా. రేపు పొద్దున్నే కబురు చెప్తాను. మీ సేనాపతి ఏనుగుకి ఎడమపక్కన నిలబడు. వెతుక్కోలేక చస్తున్నాను నీతో."

ఆ కబురు కోసమే నాగమల్లు చీకటి విడవకముందే లేచి, సద్దిమూట కట్టుకుని, ఏనుగు దగ్గరికి నడిచాడు.

అక్కడ ఏనుగుకు బదులు ఒక బండి నిలబడి ఉంది. బండి నిండా ఇనుప ముసుగులు. బండి పక్కన, బూడిద రంగు కళ్లవాడు, పులితోలు కప్పుకున్నవాడు, మెడలో పాము కుబుసం వేలాడేవాడు నిలబడి ఉన్నాడు. వాడే మాంత్రికుడు భస్మనేత్రుడు. వాడి కాళ్ల దగ్గర మూతికి మైనం పూసిన కంచు బాన ఒకటుంది.

"సేనాపతీ! ఈ ముసుగు తొడిగినవాడి గొంతు నా బానలోకి వచ్చి చేరుతుంది. ఊరు చెప్పలేడు, పేరు చెప్పలేడు. ఒక సేన పూర్తిగా నేలకూలేదాకా ఈ ముసుగు ఊడదు. ఇక నీకు పలకరింపుల బెడద లేదు" అన్నాడు భస్మనేత్రుడు.

కంఠీరవుడి మొహం వికసించింది. "ఇన్నాళ్లూ ఏ కొండల్లో దాక్కున్నావయ్యా మహానుభావా!"

ఇంతలో ఏటివైపు నుంచి గెడ చప్పుడు వినిపించింది. నాగమల్లు తలతిప్పి చూశాడు. పలచని మంచులో ఒక పడవ పల్లపు గట్టుకు పోతున్నది. దాని నిండా పచ్చగడ్డి. గడ్డి కిందనుంచి ఒక ఇనుప ముసుగు ముక్కు పొడుచుకొచ్చి కనబడుతున్నది. పడవ నడిపేవాడు కూడా పులితోలువాడే.

"దొరా!" అని నాగమల్లు అరిచాడు. "ఈడు ఆ గట్టుకు కూడా ముసుగులు పంపిస్తాండాడు! అదో పడవ! రెండు సేనలూ చచ్చినాక సింహాసనం మీద ఈడే కూర్చుంటాడు!"

"తెల్లారితే చాలు, నోరు విప్పడానికి ఎవడో ఒకడు తయారు" అన్నాడు కంఠీరవుడు. ఏటివైపు తిరిగి చూడను కూడా లేదు. "ముందు వీడికే తొడగండి. పొద్దున్నే నా ప్రాణం తీయడానికి పుట్టినాడు."

నలుగురు భటులు పట్టుకున్నారు. నాగమల్లు ఇద్దర్ని తన్నాడు, ఒకణ్ణి కరిచాడు. ఇసుకలో పొర్లాడాడు. సరిగ్గా తూర్పున సూర్యబింబం అంచు పైకి లేచిన క్షణాన ముసుగు వాడి మొహానికి ఠక్కున బిగుసుకుంది. గొంతులో ఏదో దారం పుటుక్కున తెగినట్టయింది. బాన లోపల తేనెటీగ ఒకటి గుయ్యిమంది.

అరిచాడు. వినపడలేదు. మళ్లీ అరిచాడు. బానలో ఈగ గింగురుమంది, అంతే.

ఆనాటి యుద్ధం లాంటిది నీలవాహిని ఎన్నడూ చూడలేదు. భేరీలు మోగాయి, ఏనుగులు ఘీంకరించాయి, గుర్రాలు సకిలించాయి; మనుషులు మాత్రం మూగగా పరుగెత్తుకొచ్చారు. ఒకే మూసలో పోసిన ఇనుప మొహాలు రెండు వైపులా. కొండవాళ్ల మొలకు ఎర్ర పట్టీ, పల్లపువాళ్ల మొలకు పచ్చ పట్టీ, తేడా అంతే. ఊరు అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. కత్తి దెబ్బకు పడినవాడి మీదికి వంగి, కొట్టినవాడు ఆ ఇనుప మొహాన్ని రెండు చేతులా పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసుకునేవాడు. ఎవరి మేనల్లుడో, ఎవరి వియ్యంకుడో. తెలిసేది కాదు. లేచి, పిచ్చెక్కినవాడిలా ఇంకొకడి మీదికి పోయేవాడు.

నాగమల్లు ఎవరినీ కొట్టలేదు. కొట్టకుండా బతకడం ఎంత కష్టమో ఆ పూట తెలిసింది. పచ్చ పట్టీ కనబడిన ప్రతిచోటా కోనయ్యేమో అని దగ్గరికి పోవడం, వాడు బల్లెం ఎత్తితే పక్కకు దూకడం. గుర్రం కాళ్ల కిందనుంచి దూరాడు. విరిగిన రథం చక్రాన్ని డాలుగా అడ్డుపెట్టుకున్నాడు. మదమెక్కిన ఏనుగు తొండంతో వాణ్ణి నడుం పట్టి గిరగిరా తిప్పి విసిరింది. ఏట్లో పడి, నాచులోనుంచి లేచి, మళ్లీ దిబ్బ ఎక్కాడు. కోనయ్య ఎక్కడ నిలబడమన్నాడు? ఏనుగుకు ఎడమపక్కన. ఏ ఏనుగుకు? దిబ్బ నిండా ఏనుగులే!

అంతలో ఒక పచ్చ పట్టీవాడు వచ్చి మీద పడ్డాడు. బలమైనవాడు, విసుగు మీదున్నవాడు. నాగమల్లు తప్పుకుంటే వెంటబడ్డాడు. దండం పెడితే ఆ చేతుల మీదే కత్తి ఝళిపించాడు. వాడి కత్తి నాగమల్లు భుజాన్ని చీరింది. అప్పటిదాకా ఓర్చుకున్న నాగమల్లుకు కళ్లు ఎరుపెక్కాయి. వాణ్ణి కాళ్లడ్డం పెట్టి పడగొట్టి, రొమ్ముమీద మోకాలు వేసి, కత్తి రెండు చేతులా పైకెత్తాడు.

భోం... మని శంఖం మోగింది.

భస్మనేత్రుడు అంతా ఆలోచించాడు గాని, ఈ దేశంవాడు కాడు. గొంతులు మూయడం గుర్తుంది వాడికి. సద్దివేళ ఒకటుంటుందని తెలియదు. వంటవాళ్లకు ముసుగులు తొడగాలని ఎవరికీ తోచలేదు. బుడ్డయ్య రోజూలాగే గరిటె పక్కన పెట్టి, పొద్దు చూసుకుని శంఖం ఊదాడు.

రెండు సేనలూ ఎక్కడివాళ్లక్కడ చతికిలబడ్డాయి. ఎవరూ ఆలోచించలేదు. పసితనం నుంచి వింటున్న చప్పుడది. కాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. నాగమల్లు ఎత్తిన కత్తి దించి, కిందపడినవాడి రొమ్ముమీదనుంచి లేచి, వాడి ఎదురుగానే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వాడూ లేచి, ఇసుక దులుపుకుని కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నారు? లేవండి! నరకండి!" అని దూరంనుంచి భస్మనేత్రుడు గావుకేక పెట్టాడు.

"కొంచెం ఆగవయ్యా" అన్నాడు బుడ్డయ్య చిరాగ్గా. "తినేవాళ్లను లేపితే పాపం."

సైనికులు మూటలు విప్పారు. కొండవాళ్లు జొన్నసంకటి ముద్ద చేశారు, పల్లపువాళ్లు పెరుగన్నం కలిపారు. ముద్ద నోటి దగ్గరికి పోయింది. ఠంగుమని ఇనుముకు కొట్టుకుంది.

పొద్దుటినుంచి పోరాడిన ఆకలి. ముద్దను ముసుగుకేసి రుద్దినవాడొకడు. ముసుగు సందులోకి మెతుకు మెతుకు తొయ్యబోయినవాడొకడు. సంకటి ముద్దను సేనాపతి ఏనుగుకేసి గురిచూసి కొట్టినవాడొకడు. ముద్ద తగిలింది ఏనుగుకు కాదు, సేనాపతికి.

"ఒరే! ఎవడురా అది? పేరు చెప్పు!" అన్నాడు కంఠీరవుడు, మొహం తుడుచుకుంటూ. చెప్పేవాడెవడు? మొదటిసారిగా ఆయనకు ఆ ముసుగుల మీద విసుగు పుట్టింది.

నాగమల్లు ముద్దను మూటలో పడేసి ఎదుటివాడి వైపు చూశాడు. వాడు కూడా తన పెరుగన్నం వైపు దిగాలుగా చూస్తున్నాడు. ఒళ్లో పరుచుకున్న వాడి సద్దిగుడ్డ అంచు నాగమల్లు కంటబడింది.

ఎర్ర కలువపువ్వు, దాని కింద నోరు తెరిచిన బుల్లి చేప. మళ్లీ పువ్వు, మళ్లీ చేప.

మణిమేఖలలో సద్దిగుడ్డ ఇంటి మగ్గం మీదే నేస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో అంచు. ఆ అంచు కొడుకులకు అందుతుంది. పెళ్లయి వెళ్లే కూతురు తన అంచును అత్తవారింటికి తీసుకుపోయి మొగుడికి నేసిపెడుతుంది. ఏటికి అటూ ఇటూ ఇద్దరు మగవాళ్ల దగ్గర ఒకే అంచు కనిపించిందంటే, ఒకడు ఆ ఇంటి కొడుకు, ఇంకొకడు ఆ ఇంటి అల్లుడు.

నాగమల్లు తన గుడ్డను ఇసుకలో పరిచి, వాడి గుడ్డ పక్కకు జరిపాడు. కలువ పక్కన కలువ. చేప పక్కన చేప.

ఎదుటివాడు చూశాడు. తల ఎత్తి నాగమల్లు భుజం మీద కారుతున్న నెత్తురు చూశాడు. తన కత్తి చూసుకున్నాడు. దాన్ని దూరంగా విసిరేసి, రెండు చేతులతోనూ తల కొట్టుకున్నాడు. ఇనుము గణగణ మోగింది. కోనయ్యే! నాగమల్లు వాణ్ణి రెక్కపట్టి లాగి కావలించుకున్నాడు. వెంటనే దూరంగా నెట్టి, వీపు మీద ఒక్కటి చరిచాడు.

అడగవలసింది ఒక్కటే ఉంది. చేతులు ఊయలలా ఊపి చూపించాడు. కోనయ్య అవునన్నట్టు తల ఊపాడు. పుట్టింది! నాగమల్లు తన రొమ్ము తట్టుకుని, పైట సర్దుకుంటున్నట్టు చెయ్యి తిప్పి అడిగాడు: చెంగలువ? కోనయ్య మళ్లీ తల ఊపాడు. తల్లి క్షేమం. కాని వాడు మళ్లీ ఊయల చూపించి, తన గొంతు పట్టుకుని, చేతులు అడ్డంగా ఆడించసాగాడు.

"ముసుగు సంగతి నాకూ తెలుసురా, బిడ్డ సంగతి చెప్పు" అని నాగమల్లు మనసులో విసుక్కున్నాడు. కోనయ్య అంతకంటే విసుక్కుని, కాలితో ఇసుక తన్ని, మళ్లీ అదే చూపించాడు.

వాళ్లను చూసి పక్కవాళ్లు గుడ్డలు పరిచారు. వాళ్లను చూసి ఆ పక్కవాళ్లు. నెమలి కన్ను అంచువాడు నెమలి కన్నును వెతుక్కుంటూ లేచాడు. గొలుసు అంచువాడు ఒకడు పొద్దున పడిపోయిన ఒక మనిషి మొలలోనుంచి సద్దిమూట విప్పి చూసి, అక్కడే కూలబడ్డాడు. ఇసుకదిబ్బంతా గుడ్డలు, గుడ్డల మీద వంగిన ఇనుప మొహాలు. కత్తి పట్టినవాడు ఒక్కడూ లేడు.

"ఛీ! ఎన్ని విధాల కట్టేసినా చుట్టరికాలే!" అని భస్మనేత్రుడు జుట్టు పీక్కున్నాడు. బానను పడవలోకి ఎక్కించి, పిడికెడు బూడిద నీలవాహినిలోకి విసిరాడు.

నది లేచి నిలబడింది. తాటిచెట్టంత ఎత్తు అల, నల్లని నురుగుతో, మొసళ్ల తోకల్లాంటి సుడులతో వచ్చి ఇసుకదిబ్బ మీద పడింది. గుర్రాలూ రథాలూ గడ్డిపరకల్లా తేలాయి. నాగమల్లు, కోనయ్య చేయీ చేయీ పట్టుకున్నారు. మణికట్టు దాకా జారింది. వేళ్ల దాకా జారింది. ఇద్దరి మధ్యకు ఒక దూలం వచ్చి గుద్దుకుంది. కోనయ్య పడమటికి కొట్టుకుపోయాడు, నాగమల్లు తూర్పుకు.

వరద ఎవణ్ణీ ఊరు అడగలేదు. కొండవాళ్లలో సగంమంది పల్లపు గట్టున, పల్లపువాళ్లలో సగంమంది కొండ గట్టున తేలారు.

బురదలో బోర్లాపడి ఉన్న నాగమల్లు మెడ మీద ఒక బల్లెం మొన ఆనింది. పైన ముసుగు లేని కలువసీమ కావలివాడు.

"ఎర్ర పట్టీ! కొండవాడు! ఏ ఊరయ్యా నీది? మీ అమ్మ పుట్టిల్లేది? పలకరింపు చెప్పు, లేకపోతే పొడిచేస్తాను. ఆచారం కాబట్టి అడుగుతున్నాను."

నాగమల్లు ఇనుప మూతిని చూపించాడు.

"మాట్లాడవా? అంత పొగరా?"

"పొగరు కాదురా, మొహానికి ఇనుము! కళ్లు కనపడవా?" అంటూ ఒకావిడ గట్టుమీదనుంచి దిగి వచ్చింది. సైనికులకు సద్దిమూటలు తెచ్చే ఆడవాళ్లలో ఆమె ఒకతె. పేరు మాచమ్మ, చెంగలువకూ కోనయ్యకూ తల్లి. ఆమె చూపు నాగమల్లు మొహం మీద లేదు. వాడి పిడికిట్లో తడిసి ముద్దయిన గుడ్డ అంచు మీద ఉంది.

"ఇది మా ఇంటి అంచు. వీడు మా అల్లుడు. పలకరింపు నేను చెప్తాను విను. ఊరు శోణగిరి కింద ఎర్రబండ. తల్లి పుట్టిల్లు గుమ్మడికోన. ఆ గుమ్మడికోనలోనే మీ పెద్దత్తనిచ్చారు. తీయరా బల్లెం!"

కావలివాడు గబుక్కున బల్లెం తీసి, చేత్తో పట్టుకుని ఏం చేయాలో తెలియక, దండం పెట్టాడు. "అయితే అన్నయ్య వరసా?"

"వరసలు తరువాత. ఏమయ్యా అల్లుడూ, ఇన్నాళ్లకా రావడం? అదీ ఇలా బురద కొట్టుకునా? మా కోనయ్య ఏడి?"

నాగమల్లు ఏటికి ఆవలి గట్టు చూపించాడు. అక్కడ నీళ్లలోనుంచి పచ్చ పట్టీలు ఒక్కొక్కటే పైకి వస్తున్నాయి. వాళ్ల చుట్టూ కొండవాళ్ల బల్లేలు. మాచమ్మ బురదలోనే కూర్చుంది. కొంగు మొహానికి అడ్డుపెట్టుకుంది. మరుక్షణం లేచింది.

"సరే. వాడిమాట వాడు చూసుకుంటాడు. నీ మాట విను. ఆడపిల్ల పుట్టింది. పొద్దు పొడుస్తూండగా పుట్టింది. చక్కగా ఉంది, కాళ్లు చేతులు ఆడిస్తోంది. కానీ అల్లుడూ..." ఆమె గొంతు తగ్గింది. "ఏడవడం లేదయ్యా. నోరు తెరుస్తుంది, మొహం ఎర్రబడిపోతుంది, చప్పుడు రాదు. పాలకు కూడా ఏడవలేదు. అది చూసే కోనయ్య పొద్దున్నే నీ దగ్గరికి పరుగెత్తాడు."

సూర్యబింబం అంచు, ఠక్కున బిగిసిన ఇనుము, బానలో గుయ్యిమన్న చప్పుడు నాగమల్లుకు గుర్తుకొచ్చాయి. ఆ క్షణాన తండ్రి గొంతుతోపాటు అప్పుడే భూమ్మీద పడ్డ బిడ్డ గొంతు కూడా ఆ బానలోకి వెళ్లిపోయింది. కోనయ్య గొంతు పట్టుకుని చూపించింది ఇదే. తాను విసుక్కున్నది ఇదే.

గిరుక్కున ఏటివైపు తిరిగాడు. వరద నడుమ, నురుగు మీద, భస్మనేత్రుడి పడవ దక్షిణాన ఉన్న పాముకోన గుహలవైపు దూసుకుపోతున్నది. పడవ ముక్కున కంచు బాన ఎండకు ధగధగ మెరుస్తున్నది.

గట్టున ఒక పుట్టి బోర్లించి ఉంది. నాగమల్లు దాన్ని తిప్పి నీళ్లలోకి నెట్టాడు. ఇల్లు అల్లంత దూరాన ఉంది. చెంగలువ ఉన్న మేడ కిటికీ కూడా కనబడుతున్నది. చూసిరావడానికి పోతే బాన గుహ చేరుతుంది. వాడు కిటికీ వైపు ఒక్కసారి చూసి, తెడ్డు పట్టుకున్నాడు.

"ఆగు!" మాచమ్మ మోకాలి లోతు నీళ్లలోకి వచ్చి, తన చేతిలోని సద్దిమూట వాడి మొలకు కట్టింది. ముడి వేసింది, లాగి చూసింది, మళ్లీ విప్పి గట్టిగా వేసింది. "నోరు తెరుచుకోగానే తిను. పెరుగన్నం, సాయంత్రానికి పులుస్తుంది. ఆలస్యం చేయకు."

పుట్టి సుడిలో గిర్రున తిరిగింది. ప్రవాహం లాక్కుపోతూంటే వెనక గట్టుమీదనుంచి ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. సగం మాటలు నీళ్ల హోరులో పోయాయి. వెళ్లొస్తానని చెప్పడానికి నాగమల్లు నోరు తెరిచాడు. దూరంగా పడవలో, కంచు బాన ఒక్కసారి గుయ్యిమంది.